జానపదం నుంచి జానర్ దాకా: సినిమా, సీరియల్ మాటల మీద తరచుగా అడిగే ప్రశ్నలు

సినిమాలకు కథాసంగ్రహాలు, సబ్‌టైటిల్స్ రాయడం నా పని. రోజూ ఏదో ఒక సినిమాను ఏదో ఒక గడిలో పెట్టాలి. యాప్ వాళ్లు ఇచ్చే జాబితాలో డ్రామా, రొమాన్స్, థ్రిల్లర్, ఫాంటసీ అని ఉంటాయి. ఇంట్లో పెద్దవాళ్ల నోట పౌరాణికం, జానపదం, సాంఘికం అని వస్తాయి. థియేటర్ బయట టీ కొట్టు దగ్గర నిలబడితే మాస్, క్లాస్, ఫ్యామిలీ అని వినిపిస్తాయి. కొత్తగా ఈ పనిలోకి వచ్చిన పిల్లలు, సినిమా ఇష్టం ఉన్న స్నేహితులు ఈ మాటల గురించి నన్ను అడుగుతూ ఉంటారు. వాళ్లకు చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

జానర్ అంటే ఏమిటి? దానికి తెలుగు మాట లేదా?

రకం, జాతి అనే అర్థంలో ఫ్రెంచి నుంచి ఇంగ్లిషులోకి వెళ్లి, అక్కడి నుంచి మనకు వచ్చిన మాట. జానర్ అనీ, జోనర్ అనీ రాస్తున్నారు. సాహిత్యంలో దీనికి దగ్గరగా 'ప్రక్రియ' అనే మాట ఉంది గానీ, కథ, నవల, నాటకం లాంటి రూపాలకు వాడి వాడి అది అక్కడే స్థిరపడిపోయింది. సినిమాకు అంతగా అతకదు. 'ఆ కోవలోకి వచ్చే సినిమా', 'ఆ తరహా సినిమా' అంటే మాత్రం హాయిగా ఉంటుంది. నేను అలాగే రాస్తాను.

అసలు గందరగోళం మాట దగ్గర లేదు, కొలత దగ్గర ఉంది. సినిమాను మనం మూడు కొలతలతో కొలుస్తున్నాం. కథ ఎక్కడి నుంచి వచ్చింది అన్నది ఒకటి. పౌరాణికం, జానపదం దాని కిందకు వస్తాయి. చూస్తుంటే ఏమనిపిస్తుంది అన్నది రెండోది. హారర్, కామెడీ, థ్రిల్లర్ ఆ లెక్క. హాల్లో ఎవరు కూర్చుంటారు అన్నది మూడోది. మాస్, ఫ్యామిలీ ఆ లెక్క. ఒకే సినిమా జానపదం, కామెడీ, మాస్ మూడూ కావచ్చు. 'ఇది జానపదమా, కామెడీయా?' అని వాదించుకోవడం 'ఈ చీర పట్టుదా, ఎర్రదా?' అని వాదించుకోవడం లాంటిది.

పౌరాణికం, జానపదం, చారిత్రకం, సాంఘికం అనే విభజన ఎలా వచ్చింది?

నాటకాల నుంచి వచ్చింది. మన సినిమా పుట్టిందే నాటకం ఒడిలో. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో 'కీచకవధ'తో మొదలైన సురభి నాటక సమాజం ఊరూరా పౌరాణిక నాటకాలు ఆడింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చినప్పుడు అందులో నటించింది కూడా సురభి వాళ్లే. ఇంకోపక్క 1892లో 'కన్యాశుల్కం' రంగస్థలం ఎక్కింది. అందులో దేవుళ్లూ రాజులూ లేరు, మన వీధిలో మనుషులే ఉన్నారు. సంఘం గురించి చెప్పేది కాబట్టి సాంఘికం.

రామాయణ, భారత, భాగవతాల నుంచి, ఇతర పురాణాల నుంచి కథ తెచ్చుకుంటే పౌరాణికం. ఊరూ పేరూ చరిత్రలో లేని రాజ్యం, రాకుమారి, మాంత్రికుడు, ఏడు సముద్రాల అవతల చిలకలో ప్రాణం ఉంటే జానపదం. 1951 నాటి 'పాతాళ భైరవి' దీనికి కొలమానం. తర్వాత బి. విఠలాచార్య తీసిన సినిమాలతో జానపదం అనగానే కత్తియుద్ధం, కాంతారావు గుర్తుకొచ్చే రోజులు వచ్చాయి. చరిత్రలో నిజంగా బతికిన మనుషుల కథ అయితే చారిత్రకం: 'మహామంత్రి తిమ్మరుసు', 'బొబ్బిలి యుద్ధం' లాంటివి. మిగిలినదంతా సాంఘికం. గూడవల్లి రామబ్రహ్మం గారు 1938లో 'మాలపిల్ల'లో అంటరానితనాన్ని, మరుసటి ఏడాది 'రైతుబిడ్డ'లో జమీందారీని పట్టుకున్నారు. ఆ కాలంలో సాంఘికం అనే మాటకు ఎంత బరువుండేదో వాటిని చూస్తే తెలుస్తుంది.

ఇప్పుడు ఆ మాట దాదాపు పోయింది. వచ్చేవన్నీ సాంఘికాలే అయినప్పుడు ప్రత్యేకంగా చెప్పాల్సిన పని ఉండదు కదా. మా అమ్మమ్మ మాత్రం చివరిదాకా కొత్త సినిమా పేరు చెబితే ముందు 'సాంఘికమేనా?' అనే అడిగేది. అవునంటే 'సరేలే' అని మళ్లీ పనిలో పడేది. పౌరాణికం అంటే చేతిలో పని పక్కన పెట్టి వచ్చి కూర్చునేది.

'మాయాబజార్' కథ వ్యాస భారతంలో లేదంటారు. మరి అది పౌరాణికం ఎలా అవుతుంది?

ఈ ప్రశ్న నాకు చాలా ఇష్టం. శశిరేఖ వ్యాసుడి భారతంలో లేదు. అభిమన్యుడు, ఘటోత్కచుడు, బలరాముడు ఉన్నారు. వాళ్ల చుట్టూ మనవాళ్లు ఒక పెళ్లి కథ అల్లుకున్నారు. అది నాటకంగా ఆడి, తర్వాత సినిమాగా వచ్చింది.

మన కావ్యశాస్త్రంలో దీనికి చక్కటి లెక్క ఉంది. కథావస్తువు మూడు రకాలు: అందరికీ తెలిసిన పాత కథ ప్రఖ్యాతం, కవి సొంతంగా పుట్టించింది ఉత్పాద్యం, రెండూ కలిసింది మిశ్రం. 'వసుచరిత్ర'లో రామరాజభూషణుడు ఈ మూడింటినీ రత్నాలతో పోల్చాడు. కేవలం కల్పించిన కథలు కృత్రిమ రత్నాలట. పాత కథలు గనిలో పుట్టిన రత్నాలట. పాత కథకు కవి కల్పన తోడైతే అది సానపట్టిన జాతిరత్నమట. 1957లో కె.వి. రెడ్డి గారు తీసిన 'మాయాబజార్' అచ్చంగా ఆ మూడో రకం. పాత్రలు పురాణానివి, పెళ్లివారి హడావుడి మాత్రం మన ఇళ్లది. 'పురాణంలో లేదు కాబట్టి పౌరాణికం కాదు' అనడం నా దృష్టిలో మన సంప్రదాయాన్ని తక్కువ చేయడమే. నాలుగు వందల ఏళ్ల కిందటే దీనికి పేరూ గౌరవమూ ఇచ్చిన భాష ఇది.

భక్తి చిత్రం, పౌరాణికం ఒకటేనా?

కాదు. 'అన్నమయ్య'లో దేవుడు కనిపించినా, అన్నమయ్య 15వ శతాబ్దంలో తాళ్లపాకలో పుట్టిన మనిషి. కాబట్టి అది వాగ్గేయకారుడి జీవితం మీద అల్లిన భక్తి చిత్రం. 'లవకుశ' పౌరాణికం. రెండింట్లోనూ భక్తి ఉంటుంది గానీ కథ వచ్చిన చోటు వేరు.

'బాహుబలి' చారిత్రకమా? 'ఆర్ఆర్ఆర్' మాటేమిటి?

'బాహుబలి' జానపదం. మాహిష్మతి అనే పేరు పాత గ్రంథాల్లో ఉన్నా, సినిమాలోని రాజ్యానికి, రాజులకు చరిత్రతో సంబంధం లేదు. కోట, సింహాసనం, కత్తులు కనిపించగానే చారిత్రకం అనేస్తున్నారు. ఆ లెక్కన 'పాతాళ భైరవి' కూడా చరిత్రే కావాలి. ఇంగ్లిషులో రాసేవాళ్లు దాన్ని ఎపిక్ అనీ, ఫాంటసీ అనీ, పీరియడ్ యాక్షన్ అనీ రకరకాలుగా పిలిచారు. ఇన్ని మాటలు చేసే పనిని మన 'జానపదం' ఒక్కటే చేస్తుంది. దాన్ని ఎందుకు పక్కన పెట్టామో అని బాధగా ఉంటుంది నాకు.

'ఆర్ఆర్ఆర్' సంగతి వేరు. అల్లూరి సీతారామరాజు, కొమురం భీమ్ ఇద్దరూ నిజమైన మనుషులు. వాళ్లిద్దరూ కలిసి స్నేహం చేయడం కల్పన. కథాసంగ్రహంలో నేను 'చారిత్రక వ్యక్తుల స్ఫూర్తితో కల్పిత కథ' అని రాస్తాను. కాస్త పొడుగైనా సరే, చూసే పిల్లలు దాన్ని చరిత్ర పాఠం అనుకోకూడదు.

సోషియో ఫాంటసీ అని తెలుగువాళ్లే ఎక్కువ అంటారెందుకు?

ఎందుకంటే సాంఘికం అనే గడి మనకుంది. సోషల్ అంటే ఇక్కడ సాంఘికం. సాంఘిక కథలోకి యముడో, దేవకన్యో దిగితే సోషియో ఫాంటసీ. 1960లో 'దేవాంతకుడు', 1977లో 'యమగోల', 1988లో 'యముడికి మొగుడు', 1990లో 'జగదేకవీరుడు అతిలోకసుందరి', 1994లో 'యమలీల': ఇలా యముడో, దేవకన్యో మన కథల్లోకి వస్తూనే ఉన్నారు. చనిపోయినవాడు పైకి వెళ్లి 'నా లెక్క తప్పు, చిట్టా తీయండి' అని చిత్రగుప్తుణ్ని నిలదీయడం మనవాళ్లకు ఎప్పుడూ నచ్చే దృశ్యం. ఆఫీసుల చుట్టూ తిరిగి విసిగిన మనిషి కోరిక అక్కడ తీరుతుంది.

సైన్స్ ఫిక్షన్‌కీ దీనికీ తేడా తెలుసుకోవడం తేలిక. వింత ఎలా జరిగిందని అడగండి. శాపం, వరం, మంత్రం అని జవాబొస్తే ఫాంటసీ. యంత్రం, ప్రయోగం అని వస్తే సైన్స్ ఫిక్షన్. 1991 నాటి 'ఆదిత్య 369'లో హీరో శ్రీకృష్ణదేవరాయల సభకు వెళ్లేది టైమ్ మెషిన్‌లో, వరంతో కాదు. 2024లో వచ్చిన 'కల్కి 2898 ఏడీ' రెండు జవాబులనూ కలిపేసింది. భారతంలోని అశ్వత్థామ ఉన్నాడు, భవిష్యత్తు యంత్రాలూ ఉన్నాయి. దాన్ని పౌరాణిక సైన్స్ ఫిక్షన్ అంటే సరిపోతుంది.

పీరియాడిక్ అనొచ్చా? తప్పు ఇంగ్లిష్ అంటున్నారు.

పాత కాలంలో జరిగే కథను ఇంగ్లిషులో పీరియడ్ ఫిల్మ్ అంటారు. పీరియాడిక్ అంటే అక్కడ అర్థం వేరు, కొంత కాలానికోసారి మళ్లీ మళ్లీ జరిగేది అని. తెలుగులో మాత్రం పత్రికలు, సినిమా వాళ్లు అందరూ పీరియాడిక్ అనే అంటున్నారు, అందరికీ అర్థమవుతోంది కూడా. వాడుకలో స్థిరపడింది కాబట్టి తప్పు పట్టను. చారిత్రకంతో మాత్రం కలపొద్దు. 'రంగస్థలం' 1980ల పల్లెలో జరుగుతుంది, కాలం పాతది, మనుషులు కల్పితం. అది పీరియాడిక్, చారిత్రకం కాదు.

మిస్టరీ, సస్పెన్స్, థ్రిల్లర్: మూడూ ఒకటే కదా?

ఒక వంటిల్లు ఊహించుకోండి. రాత్రి గ్యాస్ లీకవుతోంది.

పొద్దున్నే ఇల్లు కాలిపోయి ఉంది, పైపు ఎవరో కోసినట్టుంది, ఎవరు కోశారన్నదే కథంతా అయితే అది మిస్టరీ. మనకూ తెలియదు, పోలీసుకూ తెలియదు. ఇద్దరం కలిసి వెతుకుతాం.

పైపు కోసి ఉన్న సంగతి మనకు ముందే చూపించారు. ఆవిడ నిద్రలేచింది, జుట్టు ముడి వేసుకుంది, చేత్తో తడుముకుంటూ వంటింట్లోకి వచ్చింది, అగ్గిపెట్టె తీసింది. మొదటి పుల్ల చెమ్మకి వెలగలేదు. రెండో పుల్ల తీసింది. మనం కుర్చీ చివరికి వచ్చేస్తాం. అది సస్పెన్స్. ఆవిడకు తెలియనిది మనకు తెలుసు. టెన్షన్ అంతా అక్కడే ఉంది.

ఆవిడకు వాసన తెలిసిపోయింది, తలుపు బయటి నుంచి గడియ పెట్టి ఉంది, లోపల పిల్లాడు నిద్రపోతున్నాడు, బయట వీధి దీపం వెలుగులో ఎవరో నిలబడి ఉన్నారు. తప్పించుకోవాలి. అది థ్రిల్లర్. ప్రమాదం, పరుగు, టైమ్ లేకపోవడం అందులో ప్రధానం.

ఒకే సినిమాలో మూడూ ఉండొచ్చు. వంశీ గారి 'అన్వేషణ' (1985) అడవిలో జరిగే హత్యల వెనక ఎవరున్నారని వెతికే మిస్టరీ, దారి పొడవునా సస్పెన్స్ నడుస్తుంది. ఇక క్రైమ్ అనేది విషయం మాత్రమే. నేరం ఉంటే చాలు. హారర్‌లో భయమే ముఖ్యం. మన అలంకారశాస్త్రంలో భయానక రసం అనే మాట ఎప్పటి నుంచో ఉంది. దెయ్యం ఉన్నంత మాత్రాన హారర్ కాదు. 2013లో వచ్చిన 'ప్రేమకథా చిత్రమ్' తర్వాత వరుసగా వచ్చిన హారర్ కామెడీల్లో దెయ్యం కన్నా నవ్వుదే పైచేయి.

ఇంగ్లిష్ లేబుల్ చూసి సినిమా పెడితే ఇంకేదో వస్తోంది. ఎందుకు?

ఇంగ్లిష్ మాటలు తెలుగులోకి వచ్చాక అర్థం మార్చుకున్నాయి. ఈ ఒక్క సంగతి తెలిస్తే సగం చిక్కులు తీరతాయి.

డ్రామా: మనకు డ్రామా అంటే స్టేజి మీద ఆడేది. లేదంటే 'డ్రామాలాడకు' అన్నట్టు నటన, మోసం. యాప్‌లో డ్రామా అని ఉంటే అర్థం అది కాదు. మనుషుల మధ్య సంఘర్షణ ఉన్న గంభీరమైన కథ అని. పాత తెలుగులో దానికి దగ్గరి మాట సాంఘికమే.

యాక్షన్: పెద్దవాళ్లు 'సావిత్రి యాక్షన్ అద్భుతం' అంటే నటన అని అర్థం. కొత్తవాళ్లకు యాక్షన్ అంటే ఫైట్లు. ఒకసారి 'యాక్షన్ సినిమా' అని చెప్పి పెట్టిస్తే మా పెద్దనాన్న మంచి నటన చూడబోతున్నాననుకున్నారు. పది నిమిషాల్లో ఇరవై మంది గాల్లోకి లేచేసరికి లేచి వెళ్లిపోయారు. నేను చెప్పిన తీరే ఆయన్ని తప్పుదారి పట్టించింది. అప్పటి నుంచి పెద్దవాళ్ల కోసం రాసేటప్పుడు 'పోరాటాలు ఎక్కువ' అని విడిగా రాస్తున్నాను.

రొమాన్స్: ఇంగ్లిషులో ప్రేమకథ అంతా రొమాన్స్. తెలుగులో రొమాన్స్ అంటే శరీరం వైపు మొగ్గు ఉన్న మాట. అందుకే మన పోస్టర్ మీద 'అందమైన ప్రేమకథ' అని ఉంటుంది. సబ్‌టైటిల్స్‌లోనూ నేను ప్రేమకథ అనే రాస్తాను.

సెంటిమెంట్: దీనికి తెలుగులో రెండు కాపురాలున్నాయి. ఒకటి తల్లి సెంటిమెంట్, అన్నాచెల్లెళ్ల సెంటిమెంట్, తాళి సెంటిమెంట్. కన్నీళ్లు పెట్టించే బంధం అన్నమాట. రెండోది 'సంక్రాంతికి విడుదల చేయడం వాళ్ల సెంటిమెంట్'. అంటే నమ్మకం, శకునం. రెండూ ఇంగ్లిషులో ఇలా ఉండవు.

మాస్, క్లాస్ అనేవి జానర్లేనా?

కావు. అవి ప్రేక్షకుల పేర్లు. పెద్ద నగరాలు ఏ సెంటర్, పట్టణాలు బీ సెంటర్, చిన్న ఊళ్లు సీ సెంటర్ అని పంపిణీదారులు ఊళ్లను విడగొట్టుకున్నారు. నేల టికెట్ నుంచి ఈలలు వేయించేది మాస్, బాల్కనీ వాళ్లు నెమ్మదిగా చూసేది క్లాస్, ఆడవాళ్లు పిల్లలతో వచ్చేది ఫ్యామిలీ.

అయినా మాస్ సినిమాకు ఒక కట్టుబాటు ఏర్పడింది. హీరో మొహం వెంటనే చూపించరు. ముందు చెప్పు, తర్వాత చెయ్యి, తర్వాత వీపు. దీన్ని ఎలివేషన్ అంటారు. విరామానికి ముందు పెద్ద దెబ్బ పడితే ఇంటర్వెల్ బ్యాంగ్. కథకు సంబంధం లేకుండా పక్కన నడిచే హాస్యం కామెడీ ట్రాక్. ఇన్ని నియమాలు కుదిరాక దాన్ని ఒక తరహా అనడంలో తప్పులేదు. అయితే మాస్ అనే మాటను తక్కువగా చూసేలా వాడటం నాకు నచ్చదు. ఎండలో లైన్లో నిలబడి టికెట్ కొన్న మనిషి అభిరుచి ఎవరి అభిరుచికీ తీసిపోదు.

ఫ్యాక్షన్ సినిమా అంటే?

రాయలసీమ పల్లెల్లో వర్గ కక్షలకు వాడుకలో ఉన్న మాట ఫ్యాక్షన్. 1997 నాటి 'ప్రేమించుకుందాం రా'లో ఈ నేపథ్యం కనిపించింది. 1999లో 'సమరసింహా రెడ్డి', 2001లో 'నరసింహ నాయుడు' వచ్చాక అదొక కోవ అయిపోయింది. సుమోలు, నాటుబాంబులు, వేటకొడవళ్లు, తొడ కొట్టడం, గతం దాచుకుని వేరే ఊళ్లో బతికే హీరో ఈ సినిమాల గుర్తులు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఈ సినిమాలు సీమ మీద వేసిన ముద్ర చాలామందిని బాధపెట్టింది. కరవు, వలస, వేరుశనగ చేను, కథలు, అవధానాలు ఉన్న నేల అది. హైదరాబాద్‌లో గది అద్దెకు అడిగినప్పుడు 'కర్నూలా? బాంబులేస్తారా?' అని నవ్వితే పడాల్సి వచ్చిన స్నేహితులు నాకున్నారు. అందుకే కథాసంగ్రహంలో 'రాయలసీమ సినిమా' అని ఎప్పుడూ రాయను, 'ఫ్యాక్షన్ నేపథ్యం' అని మాత్రమే రాస్తాను. ప్రాంతం పేరు జానర్ కాకూడదు. 2018లో 'అరవింద సమేత వీర రాఘవ' కక్షలు ఆపడం గురించి, ఇంట్లో మిగిలిపోయే ఆడవాళ్ల గురించి మాట్లాడింది. ఈ కోవలో అది ముఖ్యమైన మలుపు.

ఆర్ట్ సినిమా, ఎర్ర సినిమా ఒకటేనా?

కాదు. తెలంగాణ సాయుధ పోరాటం మీద గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో వచ్చిన 'మా భూమి', దొరల గడీలో, అంటే కోటలాంటి ఇంట్లో, దాసీ బతుకు మీద బి. నర్సింగరావు గారు తీసిన 'దాసి' (1988) ఆర్ట్ సినిమాలు, వాటినే సమాంతర సినిమాలు అనీ అంటారు. వాటిలో వాణిజ్య సూత్రాలు ఉండవు. ఎర్ర సినిమా, అంటే విప్లవ చిత్రం, పాటలూ ఆవేశమూ నింపుకుని జనంలోకి నేరుగా వెళ్తుంది. ఆర్. నారాయణమూర్తి గారు 1986లో 'అర్ధరాత్రి స్వాతంత్ర్యం' నుంచి ఆ దారిలోనే ఉన్నారు.

సీరియల్, సిరీస్, సిట్‌కామ్ తేడా ఏమిటి?

సీరియల్ అనే మాట టీవీ కన్నా ముందు వారపత్రికల్లో ఉంది. వారం వారం నవల వచ్చేది, చివర 'సశేషం' అని ఉండేది. హైదరాబాద్ దూరదర్శన్ 1977లో మొదలైంది, 1995లో జెమిని, ఈటీవీ వచ్చాక ప్రైవేటు ఛానళ్ల కాలం మొదలైంది. వారానికొకటి వచ్చే ధారావాహిక కాస్తా డైలీ సీరియల్ అయింది. దానికి ముగింపు ముందే ఉండదు. రేటింగ్ ఉన్నంతకాలం నడుస్తుంది. ఒక నిజం బయటపడే సన్నివేశాన్ని గమనించండి. అత్త మొహం, కోడలి మొహం, తలుపు దగ్గర ఆడపడుచు మొహం, మళ్లీ అత్త మొహం, ప్రతి మొహానికీ ఒక ఉరుము. ఇంట్లో పని చేసుకుంటూ చూసేవాళ్లు తల తిప్పేలోపు ఏదీ పోకూడదని అలా తీస్తారు. అది వేరే కళ, దాన్ని సినిమాతో పోల్చి తక్కువ చేయడం సరికాదు.

వెబ్ సిరీస్‌కు లెక్క ఉంటుంది. ఇన్ని ఎపిసోడ్లు, ఒక సీజన్. మొత్తం రాసుకున్నాకే తీస్తారు. సిట్‌కామ్‌లో మనుషులు, చోటు మారవు, ప్రతి వారం కొత్త చిక్కు, కొత్త నవ్వు. జెమిని టీవీలో 2001లో మొదలైన 'అమృతం' మనకు తెలిసిన మంచి ఉదాహరణ. హోటల్ అదే, ఇద్దరు స్నేహితులు అదే, ప్రతి ఆదివారం కొత్త కష్టం. ఎక్కడి నుంచి చూడడం మొదలుపెట్టినా అర్థమవుతుంది.

పాన్ ఇండియా, డబ్బింగ్, ఓటీటీ?

ఏదీ జానర్ కాదు. మొదటిది మార్కెట్, రెండోది భాష, మూడోది చూసే చోటు.

జానర్ చూసి పిల్లలతో చూడొచ్చో లేదో చెప్పగలమా?

వద్దు, సెన్సార్ సర్టిఫికెట్ చూడండి. కామెడీ అని ఉన్నవాటిలో కూడా పిల్లలకు పనికిరానివి ఉంటాయి. యూ అంటే అందరూ, ఏ అంటే పెద్దలు మాత్రమే. మధ్యలో ఉన్న యూఏను 2024లో 7, 13, 16 ఏళ్లు అని మూడుగా విడగొట్టారు. ఆ వయసు కన్నా చిన్న పిల్లలైతే తల్లిదండ్రులు చూసి నిర్ణయించుకోవాలి. ఓటీటీలకు ఈ వయసుల లెక్క 2021 నుంచే ఉంది.

ఏ గడిలోనూ పట్టని సినిమాను ఏమనాలి?

1980లో 'శంకరాభరణం' వచ్చింది. పౌరాణికం కాదు, జానపదం కాదు. మ్యూజికల్ అందామంటే ఆ మాట వేరే రకం సినిమాలను గుర్తుకు తెస్తుంది. ఫైట్లు లేవు, కామెడీ ట్రాక్ లేదు, హీరో వయసైన సంగీత విద్వాంసుడు. మాస్ కాదన్నారు, మాస్ చూసింది. జాతీయ అవార్డుల్లో జనాదరణతో పాటు ఆరోగ్యకరమైన వినోదం ఇచ్చిన చిత్రంగా బహుమతి అందుకుంది. దాని కథాసంగ్రహం రాయాల్సి వచ్చిన రోజు జానర్ గడి దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఏదో ఒకటి నింపకపోతే ఫారం ముందుకు వెళ్లదు. చివరికి 'డ్రామా' నొక్కి, కింద సంగ్రహం మొదటి వాక్యంలో 'సంగీతం ప్రాణమైన ఒక గురువు కథ' అని రాశాను.